పసుపు: దాని గుణము, దాని మేర



నేడు నేను ప్రసంగింప బూనిన విషయము మీకు క్రొత్తది కాదు. అది మీ యింటి పోపులపెట్టెలో నున్నది; మీ గడపమీద నున్నది; మీ దేవుని పీటయందు నున్నది. అదియే పసుపు.

మన సిద్దిపేట సీమలో పసుపు లేని శుభకార్యము లేదు. బతుకమ్మ పండుగనాడు ఆడుబిడ్డలు పూలు పేర్చి, ఆ పైన పసుపుముద్దతో గౌరమ్మను నిలిపి, ఆట ముగిసిన పిమ్మట ఆ పసుపును పుస్తెలకు అద్దుకొందురు. కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో ఒగ్గు పూజారులు పట్నము వేయునపుడు పసుపే ముఖ్యమైన రంగు. అచట భక్తులు నొసట దిద్దుకొను బండారియు పసుపే. పెండ్లిలో పాదములకు పెట్టు పారాణి పసుపు సున్నముల కలయిక. బిడ్డ క్రిందపడి మోకాలు గీఱుకొన్నచో తల్లి మొట్టమొదట వెదకునది పసుపు డబ్బాయే.

ఇంతటి గౌరవము గల వస్తువునుగూర్చి మాటాడునపుడు రెండు తప్పుదారులు కలవు. పాతకాలపు మాట యని దానిని త్రోసివేయుట యొకటి. మనది కదా యని దానికి లేని శక్తులను అంటగట్టుట రెండవది. ఈ దినములలో రెండవదే యెక్కువగా వ్యాపించుచున్నది. పసుపు వాడినచో మధుమేహము పోవుననియు, కీళ్ళనొప్పులు మాయమగుననియు, రాచపుండు సైతము కరగిపోవుననియు చేతిఫోనులలో సందేశములు ఊరూర తిరుగుచున్నవి. పసుపునుండి తీసిన సారమును గుళికలుగా కట్టి హెచ్చు వెలలకు అమ్ముచున్నారు. వీనిలో నిజమెంత, అతిశయోక్తి యెంత?

ఊరిపెద్దలైన మీరు తగవు తీర్చునపుడు బిగ్గరగా అఱచినవానికి తీర్పు ఇయ్యరు. సాక్షి యెవడు, కన్నది చెప్పుచున్నాడా విన్నది చెప్పుచున్నాడా యని విచారింతురు. పసుపు విషయమునను ఆ పద్ధతినే అవలంబింతము. సాక్షుల నొక్కొక్కరినే పిలిచి విందము.

మొదటి సాక్షి మన వైద్యశాస్త్రము. సంస్కృతమున పసుపునకు హరిద్ర యని పేరు. కాంచని, వరవర్ణిని అనునవి దాని మేనికి తెచ్చు కాంతినిబట్టి వచ్చిన పేర్లు. నిశ, రజని అని రాత్రికి గల పేర్లును దీనికి చెల్లును. చరకసంహితలో ఔషధములను వాని పనినిబట్టి వర్గములుగా విభజించిన చోట హరిద్ర చర్మరోగములను పోగొట్టు వర్గమునందును, విషమును హరించు వర్గమునందును, క్రొవ్వును గీచి తగ్గించు వర్గమునందును చేర్పబడినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఏ రోగమునకు ఏది శ్రేష్ఠమో చెప్పుచు, ప్రమేహమునకు ఉసిరికతో కూడిన పసుపును నిర్దేశించెను. పదునాఱవ శతాబ్దమునాటి భావమిశ్రుడు పసుపును, కర్పూరహరిద్రను, వనహరిద్రను, మ్రానిపసుపును వేఱువేఱుగా వర్ణించెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆ పెద్దలలో ఎవరును పసుపు సర్వరోగములకు మందని చెప్పలేదు. ఏ రోగమునకు, ఏ ద్రవ్యముతో కలిపి, ఏ ప్రకృతి వానికి, ఎంత మోతాదున నని మేరలు ఏర్పఱచిరి. మేర లేని మందు వారి దృష్టిలో మందే కాదు. శాస్త్రము పేరు చెప్పి మేరను విడిచిన వాడు శాస్త్రమును సగమే చదివినవాడు.

ఈ శాస్త్రసాక్ష్యమునకు దేశాంతరమున నొక పరీక్ష వచ్చినది. 1995 మార్చిలో అమెరికా ప్రభుత్వపు పేటెంటు కార్యాలయము, గాయములు మానుటకు పసుపును వాడు పద్ధతిమీద మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు ప్రసాదించెను. పేటెంటనగా ఆ పద్ధతి క్రొత్తగా కనిపెట్టబడినదనియు, కొంతకాలము దానిమీద హక్కు వారిదే యనియు రాజముద్ర వేయుట. మన అవ్వలు గాయమునకు అద్దిన పసుపు అమెరికాలో క్రొత్త పుంత యైనది!

మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ఊరకుండక 1996లో పునర్విచారణ కోరినది. ఇది మాకు తరతరములుగా తెలియునని నోటిమాటగా చెప్పిన అచట చెల్లదు. కావున సంస్కృతమునను, ఉర్దూలోను, హిందీలోను గల గ్రంథములనుండియు, 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమునుండియు మొత్తము 32 ప్రమాణములను వారు సమర్పించిరి. 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయినది. పిమ్మట 2001లో మన ప్రభుత్వము ప్రాచీన వైద్యగ్రంథములలోని యోగములను ప్రపంచభాషలలోనికి ఎక్కించి భద్రపఱచు నొక డిజిటల్ గ్రంథాలయమును ఆరంభించినది.

ఆ వ్యాజ్యమున మనలను గెలిపించినది గర్వము కాదు, ప్రమాణము. ఇతరులు మన పసుపును తమదని అన్నపుడు ప్రమాణము చూపుమని మనము అడిగితిమి. అటులే, పసుపు ఈ రోగమును కుదుర్చునని మనవారే అన్నపుడును ప్రమాణము చూపుమని అడుగుట న్యాయము. తగవు ఇరుపక్షములకు సమముగా ఉండవలెను గదా.

ఇక రెండవ సాక్షి రసాయనశాస్త్రము. పసుపు అల్లపు కుటుంబమునకు చెందిన మొక్క. మృగశిర కార్తె ప్రాంతమున నాటిన దుంప తొమ్మిది నెలలు నేలలో పెరిగి సంక్రాంతి మొదలు శివరాత్రి దాటువఱకు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన కొమ్ములను ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టి, పైతొక్క పోవునట్లు మెఱుగు పెట్టుదురు. మనకు దాపుననే ఇందూరు, అనగా నిజామాబాదు, పసుపు పంటకును బేరమునకును దేశమంతట పేరొందినది. ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి ప్రాంతముల రైతులు ఏండ్లతరబడి కోరిన పిమ్మట 2025 జనవరి 14వ తేదీని, సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు ప్రారంభమై దాని ప్రధాన కార్యాలయము నిజామాబాదునకే వచ్చినది. కోస్తాలో దుగ్గిరాల, తమిళనాట ఈరోడు ఇట్టి పేరు గల బజారులు.

ఎండిన పసుపుకొమ్ములో ఎక్కువ భాగము పిండిపదార్థమే. సువాసన నిచ్చు తైలము కొంత. రంగు నిచ్చు పదార్థములు సామాన్యముగా నూటికి రెండు మొదలు అయిదు పాళ్ళు. వీనిలో ప్రధానమైన దానిని కర్క్యుమిన్ అందురు. 1815లో వోగెల్, పెల్టియే అను ఇరువురు దీనిని మొదట వేఱుచేసిరి. 1910లో పోలండు దేశీయులగు రసాయనవేత్తలు దాని అణునిర్మాణమును తేల్చిరి. 1949లో నేచర్ అను ఆంగ్ల పత్రికలో, ఈ పదార్థము కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొనునని ప్రకటింపబడినది. గాయమునకు పసుపు అద్దు మన ఆచారమునకు ఇట్లు పరిశోధనశాలనుండి కొంత బలము చేకూరినది.

ఈ పదార్థపు స్వభావమును తెలిసికొనుటకు యంత్రము లక్కఱలేదు. పసుపు మరక పడిన ధోవతిని సబ్బుతో ఉతికిన అది ఎఱ్ఱబాఱును. క్షారము తగిలిన ఎఱుపెక్కుట కర్క్యుమిన్ గుణము. పసుపునకు సున్నము తగిలి పారాణి ఎఱ్ఱనగుటకు కారణము అదియే. అదే ధోవతిని ఎండలో ఆఱవేసిన మరక నాలుగు దినములలో వెలిసిపోవును. వెలుతురు కర్క్యుమిన్‌ను విఱుగగొట్టును. కావుననే పసుపును గాజుసీసాలో కిటికీవద్ద పెట్టరాదు. మూత గల డబ్బాలో, చీకటి అఱలో ఉంచవలెను. నీటిలో పసుపు కలిపిన అడుగునకు దిగును. నూనెలో వేసిన రంగు నూనెకు పట్టును. అది నీటిలో కరగక, నూనెలో కరగు పదార్థము.

ఈ చిన్న లక్షణములలోనే పెద్ద చిక్కు ఇమిడియున్నది. నీట కరగని దానిని పేగులు మిక్కిలి కొద్దిగా మాత్రమే గ్రహించును. గ్రహించిన కొంచెమును పేగుగోడలును కాలేయమును వెంటనే మార్చి వెలుపలికి పంపివేయును. 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి చూడగా, రక్తములో దాని జాడ దాదాపు కానరాలేదు. 2 గ్రాములనగా ఎంత? నూటికి మూడు పాళ్ళ చొప్పున లెక్కించిన, సుమారు 65 గ్రాముల పసుపులోని సారము. అనగా ఇరువది చిన్న చెంచాలకు మించిన పసుపు. దానితోపాటు మిరియములలోని ఘాటైన పైపరీన్ అను పదార్థమును 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినపుడు రక్తమునకు చేరిన పరిమాణము సుమారు 20 రెట్లు పెరిగినది.

మన యిండ్లలో జలుబు చేసినపుడు ఇచ్చు పసుపు మిరియాల పాలు ఈ సందర్భమున జ్ఞప్తికి రాక మానవు. పాలలోని వెన్న, మిరియపు ఘాటు, పసుపు ఒకచోట చేరుట, పోపునూనెలో పసుపు వేయుట, ఇవి తెలివిగల అలవాట్లు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనాలయమువారు 2007లో ప్రకటించిన దానినిబట్టి, వంటలో వేడికి పసుపులోని కర్క్యుమిన్ నూటికి 27 మొదలు 53 పాళ్ళు నశించును. ప్రెషరు కుక్కరులో పది నిమిషములు ఉడికిన నష్టము అత్యధికము. చింతపండు చేరినచో నష్టము 12 మొదలు 30 పాళ్ళకు తగ్గును. మన పప్పుపులుసు ఈ లెక్కకు బాగుగనే తూగినది!

అయినను ఇచట తొందరపడరాదు. రక్తమునకు ఎక్కువ చేరినంతమాత్రమున రోగము కుదురునని అర్థము కాదు. మిరియపు సారము పసుపునే కాక, మనము మ్రింగు ఇతరమైన మందులను సైతము దేహమున ఎక్కువసేపు నిలుపగలదు. కొన్నిటికి అది మేలు కాదు. వంటలోని మిరియము వేఱు, గుళికలోని మిరియపు సారము వేఱు.

మూడవ సాక్షి రోగులమీద జరిగిన పరీక్ష. ఇదియే ముఖ్యసాక్షి. ఏలనగా గాజుగొట్టములో సూక్ష్మజీవిని చంపినదెల్ల మనుష్యుని దేహములో మందు కాజాలదు. రోగులను రెండు పంగడములుగా చేసి, ఒకరికి మందును, మఱియొకరికి మందువలె కనబడు ఉత్త మాత్రను ఇచ్చి, ఎవరికేమి ఇచ్చినదియు రోగికి గాని వైద్యునికి గాని తెలియనీయక ఫలితమును పోల్చుట నేటి కాలమున శ్రేష్ఠమైన పరీక్షగా ఎంచబడుచున్నది. ఇట్లు చేయనిచో మన ఆశయే మనలను మోసగించును.

పసుపునకు అనుకూలమైన సాక్ష్యములు కలవు. 2014లో థాయిలాండు వైద్యులు మోకాలి కీలు అఱిగిన 367 మంది రోగులలో కొందఱికి దినమునకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారమును, కొందఱికి 1200 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్‌ను నాలుగు వారములు ఇచ్చి చూచిరి. నొప్పి తగ్గుటలో రెండును ఇంచుమించు సమానముగా నుండెను. కడుపునొప్పి మాత్రము పసుపు సారము తిన్నవారికి తక్కువ. 2023లో అదే దేశమున, కడుపుబ్బరము, అజీర్తి గల 206 మందిని పరీక్షింపగా కర్క్యుమిన్ ఒమెప్రజోల్ అను మందుతో సమానముగా పనిచేసినట్లు తేలినది.

ప్రతికూల సాక్ష్యమును వినక తీర్పు చెప్పరాదు. 2017లో అమెరికాలోని కొందఱు రసాయనవేత్తలు అంతవఱకు జరిగిన నూటయిరువదికి పైగా మానవపరీక్షలను విమర్శించి, రెండు పక్షములకును తెలియనీయక జరిపిన పరీక్షలలో కర్క్యుమిన్ ఏ రోగమునందును నిస్సందేహముగా నెగ్గలేదని వ్రాసిరి. ఈ పదార్థము త్వరగా విఱిగిపోవును, కనబడిన ప్రతి మాంసకృత్తునకు అంటుకొనును, తానే వెలుగు చిమ్మును. కావున పరిశోధనశాలలో మందు పనిచేసినదను భ్రమను తఱచు కలిగించునని వారి వాదము. మఱియు రాచపుండుమీద కర్క్యుమిన్ ప్రభావమునుగూర్చి అమెరికాలో వెలువడిన వ్యాసములు పెక్కులు, చిత్రములయందు దోషములు బయటపడి, పిమ్మట ఉపసంహరింపబడినవి.

ఇందఱి మాటలు విన్న మీదట న్యాయమైన తీర్పు ఇది: పసుపు మంచి ఆహారద్రవ్యము. వాపును, అజీర్తిని కొంత ఉపశమింపజేయు శక్తి దాని సారమునందు ఉన్నట్లు కొన్ని పరీక్షలు చెప్పుచున్నవి. అవి వంటపసుపుతో కాక, వంటలో ఎన్నడును పడనంత గాఢమైన సారముతో జరిగినవి. మధుమేహమును, రాచపుండును, గుండెజబ్బును పసుపు కుదుర్చునని నమ్మదగిన సాక్ష్యము నేటికి లేదు.

కొందఱు, కుదిరినను కుదురకున్నను పసుపువలన కీడేమి, అందురు. కూరలోని పసుపువలన కీడు లేదు. ఒక చిన్న చెంచాడు పసుపు సుమారు 3 గ్రాములు. దానియందు కర్క్యుమిన్ సుమారు 90 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘము దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 3 మిల్లీగ్రాముల వఱకు మితి యని నిర్ణయించినది. అనగా 60 కిలోల మనుష్యునకు 180 మిల్లీగ్రాములు. మన భోజనము ఆ మేరలోనే యున్నది. గుళికలు ఆ మేరను సులభముగా దాటించును. అమెరికాలో మందులవలన కలుగు కాలేయవ్యాధులను పరిశీలించు వైద్యబృందము పసుపు గుళికలవలన కాలేయము చెడిన 10 మందిని గూర్చి 2022లో ప్రకటించినది. వారిలో అయిదుగురు ఆసుపత్రి పాలైరి; ఒకరు మరణించిరి. ఏడుగురిలో ఒకేవిధమైన జన్యులక్షణము కనబడినది. అట్టి లక్షణము ఎవరికున్నదో పైకి చూచి చెప్ప వీలుకాదు. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు, పిత్తాశయమున రాళ్ళు గలవారు, రక్తహీనత గలవారు వైద్యుని అడుగక ఇట్టి గుళికలను ముట్టరాదు. ఒకవేళ వాడుచుండగా కండ్లు పచ్చబడినను, మూత్రము ముదురురంగైనను వెంటనే మానివేసి వైద్యుని చూడవలెను.

పెద్దలారా, ఈ ప్రసంగమును ముఖ్యముగా మిమ్ముద్దేశించి చేయుటకు కారణము ఇపుడు చెప్పెదను. పల్లెలో ఆపద వచ్చినపుడు మొదట వినబడునది మీ మాట. పసుపు పెట్టుడని మీరన్న పెట్టుదురు. బండి కట్టుడని మీరన్న ఆసుపత్రికి పోవుదురు. ఆ రెండు మాటల నడుమ ఒక ప్రాణముండవచ్చును.

కొడవలి గీచుకొన్న చిన్న గాయమును శుభ్రమైన నీటితో కడిగి పసుపు అద్దిన అద్దుడు. కాని తుప్పుపట్టిన ఇనుము గ్రుచ్చుకొన్నను, పేడ మట్టి చేరిన లోతైన గాయమైనను పసుపు ధనుర్వాతమును ఆపలేదు. ధనుర్వాతపు టీకా వేయింపవలెను. మధుమేహము గలవారి పాదమున పుండు లేచినచో పసుపు మెత్తి గుడ్డ కట్టి కూర్చుండరాదు. పైన ఎండినట్లు కనబడి లోన కుళ్ళి, తుదకు కాలు తీయవలసి వచ్చును.

పుట్టిన శిశువు బొడ్డుకు పసుపు గాని, నూనె గాని, బూడిద గాని పెట్టరాదు. బొడ్డును పొడిగా, శుభ్రముగా విడిచిపెట్టుటయే నేటి వైద్యుల ఉపదేశము.

పాముకాటు మాట వేఱుగ చెప్పవలెను. చరకుడు హరిద్రను విషహరవర్గమున చేర్చెను గదా యని పసుపు పూసి కాలయాపన చేయుట ప్రాణాంతకము. త్రాచు, కట్లపాము, రక్తపింజరి కాటునకు పాము విషమునకు విరుగుడైన సూదిమందు తప్ప వేఱు శరణ్యము లేదు. మన సిద్దిపేటలో 2018 మొదలు ప్రభుత్వ వైద్య కళాశాల నడుచుచున్నది. నాడు హైదరాబాదు పోవలసిన పనులు పెక్కు నేడు ఊరిదగ్గఱనే తీఱుచున్నవి. చరకుడే నేడు మనయెదుట ఉన్నచో ప్రాణము నిలుపు మందును ముందు పెట్టుమనునే గాని, నా వర్గమును వల్లించుచు కూర్చుండుమని అనడు.

మధుమేహమునకు పసుపు ఉసిరికల యోగమును శాస్త్రము చెప్పినమాట నిజమే. దానిని తెలిసిన ఆయుర్వేద వైద్యుని యొద్ద, రక్తపరీక్ష చేయించుకొనుచు వాడుకొనుట వేఱు. ఫోనులో వచ్చిన సందేశము చూచి, వైద్యుడిచ్చిన మాత్రలను నూతిలో పాఱవేసి, దినమునకు నాలుగు చెంచాల పసుపు మ్రింగుట వేఱు. రొమ్ములో గడ్డ కనబడిన స్త్రీ పసుపు పట్టువేయుచు ఆఱునెలలు గడిపినచో, తొలుత కోతతో తీఱవలసిన రోగము పిదప ఎవరికిని లొంగదు. 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు ఆయుష్ మంత్రిత్వశాఖ పసుపుపాలు త్రాగుమని సలహా ఇచ్చినది. అది దేహపుష్టికై చెప్పిన మాటయే గాని, టీకాకును చికిత్సకును బదులుగా చెప్పినది కాదు.

తుదకు మిగిలిన విషయము పసుపు శుద్ధి. మనము తినునది పసుపే అయినపుడు గదా దాని గుణములనుగూర్చి వాదించుట! పసుపునకు మెఱుపు తెచ్చుటకై కొందఱు వర్తకులు సీసపు క్రోమేటు అను పచ్చని రంగును పూయుచున్నారు. ఇది గోడలకును యంత్రములకును వేయు రంగులలోనిది. సీసము పసిబిడ్డల మెదడును చెఱచును. ఇంత తిన్న పరవాలేదను మేర దానికి లేదు.

బంగ్లాదేశములో 1980వ దశకపు వరదలలో తడిసి వన్నె తగ్గిన పసుపును అమ్ముటకై ఈ దుష్కార్యము మొదలైనదని పరిశోధకులు తేల్చిరి. 2019లో వారి పరిశీలన వెలువడగా అచటి ప్రభుత్వము బజారులలో తనిఖీలు చేసి, కల్తీదారులను శిక్షించి, పత్రికలలో ప్రకటనలు వేయించెను. 2019లో నూటికి 47 నమూనాలలో కనబడిన సీసము 2021నాటికి ఒక్కదానను లేకపోయినది. పట్టుదల యున్న కల్తీ తొలగునని ఇది ఋజువు. మన దేశమున ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కిలో పసుపునకు 10 మిల్లీగ్రాములను మించి సీసముండరాదని కట్టడి చేసినది. కాని 2024లో ప్రకటితమైన యొక పరిశీలనలో బీహారులోని పాట్నా బజారు నమూనాలలో కిలోకు 1000 మిల్లీగ్రాములకు మించిన సీసము కనబడినది. హెచ్చు సీసము మెఱుగుపెట్టిన విడి కొమ్ములలోనే యుండుట గమనింపదగినది.

కావున కొమ్ము కొన్నంతమాత్రమున శుద్ధమని నమ్మరాదు. కండ్లు మిఱుమిట్లు గొలుపు పచ్చని కొమ్మును విడిచి, కొంచెము మాసినట్లుండు సహజమైన కొమ్మును ఎఱిగిన రైతునొద్ద కొనుడు. ఒక కొమ్మును గాజుగ్లాసులోని నీటిలో వేయుడు. శుద్ధమైన కొమ్ము రంగు విడువదు. రంగు పూసినది వెంటనే నీటిని పచ్చచేయును. పొడి నైనచో నీటిమీద చల్లి కదలింపక ఉంచుడు. మంచి పసుపు అడుగునకు దిగి నీటికి లేతరంగు మాత్రమే ఇచ్చును. కృత్రిమపు రంగు చేరిన దానివలన నీరు చిక్కని పచ్చగా నిలుచును. ఇంట దంచుకొనుడు, లేదా గిర్నికి స్వయముగా తీసికొనిపోయి ఎదుట నిలిచి ఆడించుకొనుడు. ఏడాదికి సరిపడ ఒక్కమాఱే ఆడింపక, రెండు మూడు నెలలకు చాలునంత ఆడించుకొన్న వాసనయు రంగును చెడవు. పది యిండ్లవారు కలిసి నిజామాబాదు సీమ రైతునుండి నేరుగా తెప్పించుకొన్నచో రైతునకు వెల దక్కును, మీకు సరకు దక్కును. పూజకు వేఱుగ చౌకపసుపు కొనువారు దానిని వంటింటికి చేరనీయరాదు. ఆడుబిడ్డలు ముఖమునకును పుస్తెలకును అద్దుకొనునది సైతము తినదగిన పసుపే కావలెను.

నేను చెప్పినదానిని సంగ్రహించెదను. వంటలో పసుపును నిరాటంకముగ వాడుడు. నూనెపోపులో వేయుడు, మిరియముతో పాలలో త్రాగుడు. గుళికల జోలికి వైద్యుని మాట లేనిదే పోకుడు. ఏ రోగమునకైనను వైద్యుడిచ్చిన మందును పసుపుకొఱకు మానకుడు, మానుమని ఇతరులకు చెప్పకుడు. కొను పసుపును పరీక్షించి కొనుడు. గడపమీద దాని గౌరవము దానికి ఉండనే యున్నది. ఆసుపత్రి చేయవలసిన పని దానిమీద మోపినచో ఆ గౌరవమునకే హాని. ఎవరు గాయముతో గాని, కాటుతో గాని, గడ్డతో గాని మీ అరుగుమీదికి వచ్చినను, పసుపుతో తీఱునదేదో తీఱనిదేదో విచారించి చెప్పు భారము మీది.